పైపుల్లో నింపిన నీళ్ళు ఎక్కడికి పోతాయి?



ఈ రోజు మనం నీళ్ళ గురించి మాట్లాడుకుందాం. తాగే నీళ్ళ గురించి కాదు. వాన నీళ్ళ గురించీ కాదు. పెద్ద పైపులనూ, పెద్ద ట్యాంకులనూ పరీక్ష చేయటానికి నింపే నీళ్ళ గురించి.

పరీక్ష అయిపోయాక ఆ నీళ్ళను బయటికి వదిలేస్తారు. అవి మన పంట బోదెలోకి రావచ్చు. మురుగు కాలువలోకి రావచ్చు. మన గేదెలు తాగే గుంటలోకి రావచ్చు. అందుకే ఈ సంగతి మనకు తెలియాలి.

"ఇది ఇంజినీర్ల గొడవ కదా, మనకెందుకు?" అనుకోకండి. మన కోనసీమలో కొబ్బరి తోటల కింద, వరి చేల కింద గ్యాసు పైపులు ఉన్నాయి. పైపు వేసేది వాళ్ళు. పరీక్ష చేసేది వాళ్ళు. కానీ నీళ్ళు వచ్చేది మన దగ్గరికే.

పరీక్ష ఎందుకు చేస్తారు?

సంతలో కొత్త కుండ కొంటాం. ఇంటికి తెచ్చి ముందు ఏం చేస్తాం? నీళ్ళు పోసి చూస్తాం. ఎక్కడైనా చెమ్మ కారుతోందా అని చూస్తాం. పైపుకు చేసే పరీక్ష కూడా అలాంటిదే.

ఇనుప పైపులను ఒకదానికొకటి అతికి వెల్డింగు చేస్తారు. కొన్ని మైళ్ళ పొడవున అతుకులు ఉంటాయి. ఒక్క అతుకు సరిగ్గా లేకపోయినా ప్రమాదమే. అందుకని పైపు నిండా నీళ్ళు నింపుతారు. రెండు కొసలూ గట్టిగా మూసేస్తారు. తర్వాత పంపుతో ఒత్తిడి పెంచుతారు. రేపు గ్యాసు ఎంత ఒత్తిడితో పోతుందో, దానికి ఒకటింబావు రెట్లు, ఒకటిన్నర రెట్లు ఒత్తిడి పెట్టి కొన్ని గంటలపాటు అలాగే ఉంచుతారు. ఒత్తిడి తగ్గకపోతే పైపు మంచిది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే.

పెట్రోలు, డీజిలు నిల్వ చేసే పెద్ద ట్యాంకులకు కూడా నీటి పరీక్ష ఉంటుంది. నిండా నీళ్ళు నింపి కారుతోందేమో చూస్తారు. ఆ బరువుకు నేల కుంగుతోందేమో కూడా చూస్తారు.

గాలితో ఎందుకు చేయరు?

పిల్లలు బుడగలో గాలి ఊదుతారు. అది పగిలితే ఢామ్మని చప్పుడు వస్తుంది. అదే బుడగలో నీళ్ళు నింపి పగలగొట్టండి. నీళ్ళు కారిపోతాయి, అంతే. గాలిని నొక్కితే అది స్ప్రింగులాగా ముడుచుకుంటుంది. వదలగానే ఒక్కసారిగా ఎగురుతుంది. నీళ్ళు అలా ముడుచుకోవు. అందుకే నీళ్ళతో చేసే పరీక్షలో ప్రమాదం తక్కువ.

తక్కువ అన్నాను, లేదు అనలేదు. పరీక్ష జరిగేటప్పుడు పైపు మీద ఒత్తిడి చాలా ఎక్కువగా ఉంటుంది. మూత ఊడిందంటే మనిషి ప్రాణం పోతుంది. ఆ రోజుల్లో పిల్లలను అటు ఆడుకోనివ్వకండి. పశువులను అటు తోలకండి.

పరీక్ష వద్దు అనకూడదు

2014 జూన్ 27న మన కోనసీమలోనే, నగరం గ్రామంలో ఏం జరిగిందో మీకు తెలుసు. తెల్లవారుజామున గెయిల్ సంస్థ గ్యాసు పైపు పగిలింది. గ్యాసు ఊరంతా పరుచుకుని అంటుకుంది. 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్ళు కాలిపోయాయి. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. పైపును లోపలినుంచి తుప్పు తినేసిందని తర్వాత తేలింది.

కాబట్టి పైపులను పరీక్ష చేయాల్సిందే. కొత్త పైపునూ చేయాలి, అవసరమైతే పాత పైపునూ చేయాలి. ఆ పరీక్ష మన ప్రాణాలు కాపాడేది. పరీక్షను మనం అడ్డుకోకూడదు. మనం అడగాల్సింది ఒక్కటే. పరీక్ష అయ్యాక నీళ్ళను పద్ధతిగా వదలండి అని.

ఎన్ని నీళ్ళు ఉంటాయి?

18 అంగుళాల పైపు అనుకుందాం. ఒక కిలోమీటరు పొడవు పైపులో సుమారు లక్షన్నర లీటర్ల నీళ్ళు పడతాయి. 10,000 లీటర్ల ట్యాంకరు లారీ మీరు చూసే ఉంటారు. అలాంటివి 15 లారీలు. అది ఒక్క కిలోమీటరుకే. 10 కిలోమీటర్ల పైపును ఒకేసారి పరీక్ష చేస్తే 15 లక్షల లీటర్లు. అంటే 150 లారీలు.

ట్యాంకు సంగతి చూడండి. 10 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల ఎత్తు ఉన్న గుండ్రటి ట్యాంకులో సుమారు 7 లక్షల 85 వేల లీటర్లు పడతాయి.

ఇన్ని నీళ్ళు ఎక్కడినుంచి తెస్తారు? కాలువనుంచో, చెరువునుంచో తోడాలి. ఎండాకాలంలో, కాలువ కట్టేసిన రోజుల్లో మంచినీళ్ళ చెరువునుంచి తోడితే ఊరికి నీళ్ళు ఉండవు. అందుకని "ఎక్కడికి వదులుతారు?" అని అడిగేముందు "ఎక్కడినుంచి తోడుతున్నారు?" అని కూడా అడగాలి.

ఆ నీళ్ళలో ఏం కలుస్తుంది?

కాలువలోనుంచి తోడిన నీళ్ళే కదా, మళ్ళీ కాలువలోకే పోతే ఏమవుతుంది? చాలామంది ఇలాగే అంటారు. కొన్నిసార్లు అది నిజమే. కొత్త పైపు, మంచి నీళ్ళు, ఏ మందూ కలపలేదు, ఒకటి రెండు రోజులే ఉంచారు. అప్పుడు ఆ నీళ్ళలో తుప్పు, మట్టి, వెల్డింగు రజను ఉంటాయి. వాటిని తేర్చి వదిలితే పెద్ద నష్టం లేదు.

కానీ అన్నిసార్లూ అలా ఉండదు.

ఒకటి, తుప్పు రాకుండా కలిపే మందు. నీళ్ళలో కరిగి ఉన్న ప్రాణవాయువు ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. ఆ ప్రాణవాయువును తీసేసే మందు కలుపుతారు. మరి చేపలు బతికేది ఆ ప్రాణవాయువు మీదే కదా! రొయ్యల చెరువుల్లో రాత్రంతా చక్రాలు తిప్పుతారు, ఎందుకు? నీళ్ళలో గాలి కలవటానికి. గాలి లేని నీళ్ళు లక్షల లీటర్లు ఒక్కసారిగా కాలువలో పడితే చేపలు తేలిపోతాయి.

రెండు, పురుగు మందు లాంటిది. నీళ్ళు పైపులో చాలా రోజులు నిలవ ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాటిలో కొన్ని ఇనుమును కూడా తినేస్తాయి. వాటిని చంపటానికి మందు కలుపుతారు. క్రిములను చంపే మందు చేప పిల్లలను వదులుతుందా?

మూడు, రంగు. ఎక్కడ కారుతోందో తెలియటానికి ఒక్కోసారి రంగు కలుపుతారు.

నాలుగు, నూనె. ఇది పాత పైపుల్లోనూ, పాత ట్యాంకుల్లోనూ వచ్చే చిక్కు. ఇంతకుముందు అందులో ముడి చమురో, డీజిలో, పెట్రోలో ఉండి ఉంటుంది. ఎంత కడిగినా గోడలకు అంటుకుని ఉంటుంది. పరీక్ష నీళ్ళలో అది కలుస్తుంది. పెట్రోలులో బెంజీన్ అనే పదార్థం ఉంటుంది. అది కాన్సర్ తెచ్చేది. అలాంటి నీళ్ళు బావిలోకి ఇంకకూడదు.

అందుకే, అక్కా, ఒక మాట గుర్తుంచుకోండి. నీళ్ళు తేటగా కనిపిస్తే మంచివని కాదు. ఎర్రగా కనిపిస్తే విషమనీ కాదు. ఎర్రటి తుప్పు నీళ్ళు తేరిపోతాయి. తేటగా ఉన్న మందు నీళ్ళే ఎక్కువ నష్టం చేయవచ్చు. కంటితో చూసి తేల్చలేం. పరీక్ష చేయించాలి.

ఇంకో నష్టం ఉంది. నీళ్ళ వేగం. లావుపాటి గొట్టంనుంచి ఒక్కసారిగా వదిలితే గట్టు తెగిపోతుంది. నారుమడి కొట్టుకుపోతుంది. చేలో మన్ను పోయి కాలువ పూడిపోతుంది. నీళ్ళు ఎంత మంచివైనా ఈ నష్టం తప్పదు.

చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో 1974లో నీటి కాలుష్య నివారణ చట్టం వచ్చింది. దానిలో 24వ సెక్షను ఉంది. హద్దు దాటిన కాలుష్యాన్ని ఏటిలోకి గానీ, బావిలోకి గానీ, మురుగు కాలువలోకి గానీ, నేల మీదికి గానీ తెలిసి వదలకూడదు అని అది చెబుతుంది. 25వ సెక్షను ఇంకో మాట చెబుతుంది. కొత్తగా వ్యర్థ నీళ్ళు వదలాలంటే ముందే కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకోవాలి. ఎంత వదలాలి, ఎక్కడ వదలాలి, ఎలా శుభ్రం చేయాలి అని మండలి షరతులు పెట్టవచ్చు.

ఆ చట్టంలో "ఏరు" అంటే ఒక్క గోదావరే కాదు. పారే వాగు, ఎండిన వాగు, మనుషులు తవ్విన కాలువ, భూమి లోపలి నీళ్ళు, సముద్రపు నీళ్ళు, ఇవన్నీ దాని కిందికి వస్తాయి. "అది ఎండిపోయిన బోదే కదమ్మా" అని ఎవరైనా అంటే మనం ఈ మాట చెప్పవచ్చు.

హద్దులు కూడా రాసి ఉన్నాయి. 1986 నాటి పర్యావరణ నియమాల్లో సాధారణ హద్దులు ఇచ్చారు. కాలువలు, చెరువులు, నదుల్లోకి వదిలే నీళ్ళకు కొన్ని ఇవి:

నూనె, జిడ్డు: లీటరుకు 10 మిల్లీగ్రాములు మించకూడదు. అంటే వెయ్యి లీటర్ల నీళ్ళలో 10 గ్రాములు. సుమారు రెండు చిన్న చెంచాల నూనె.

తేలే మట్టి, తుప్పు రజను: లీటరుకు 100 మిల్లీగ్రాములు మించకూడదు. అంటే వెయ్యి లీటర్లలో ఒక గుప్పెడు మన్ను.

ఇనుము: లీటరుకు 3 మిల్లీగ్రాములు మించకూడదు.

పులుపు, క్షారం: దీనిని పి.హెచ్. అంటారు. చింతపండు పులుసుకు ఇది తక్కువ. సున్నపు నీళ్ళకు ఎక్కువ. మంచి నీళ్ళకు 7 దగ్గర ఉంటుంది. వదిలే నీళ్ళకు 5.5కు తగ్గకూడదు, 9కి మించకూడదు.

ఈ అంకెలు మీ పలకల మీద రాసుకోండి. నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకోండి. అంకెలు తెలిసిన మనిషికి కాంట్రాక్టరు కూడా మర్యాదగా సమాధానం చెబుతాడు.

వేరే దేశంలో ఎలా ఉంది?

అమెరికాలో టెక్సస్ అనే రాష్ట్రం ఉంది. మన ఊళ్ళ పిల్లలు చాలామంది అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. అక్కడ చమురు, గ్యాసు పైపులు లెక్కలేనన్ని. అందుకని పైపుల, ట్యాంకుల పరీక్ష నీళ్ళ కోసమే అక్కడ విడిగా ఒక అనుమతి పత్రం పెట్టారు. అందులోని షరతులకు కట్టుబడి ఉంటేనే నీళ్ళు వదలాలి. 2021లో అక్కడి రాష్ట్ర పర్యావరణ శాఖకు చమురు, గ్యాసు పైపుల పరీక్ష నీళ్ళ మీద కూడా ఆ అధికారం వచ్చింది. అంటే, ఇది చిన్న విషయం అని వాళ్ళు వదిలేయలేదు. మనమూ వదిలేయకూడదు.

పద్ధతిగా ఎలా వదలాలి?

మొదటిది, నీళ్ళను మళ్ళీ వాడాలి. ఒక ముక్క పైపులో పరీక్ష అయ్యాక అవే నీళ్ళను పక్క ముక్కలోకి పంపవచ్చు. తోడేదీ తగ్గుతుంది, వదిలేదీ తగ్గుతుంది.

రెండోది, అవసరం లేకపోతే మందులు కలపకూడదు. నీళ్ళను కొద్ది రోజులే ఉంచితే చాలాసార్లు మందు అక్కర ఉండదు.

మూడోది, గుంట తవ్వి నీళ్ళను అందులో నిలపాలి. మట్టి, తుప్పు అడుక్కి దిగుతాయి. నూనె ఉంటే పైకి తేలుతుంది. దాన్ని తీసేయాలి. మందు నీళ్ళయితే గుంట అడుగున నీళ్ళు ఇంకని పట్టా పరవాలి.

నాలుగోది, వదిలేముందు పరీక్ష చేయించాలి. హద్దు లోపల ఉంటేనే వదలాలి.

అయిదోది, నెమ్మదిగా వదలాలి. నీళ్ళు పడేచోట గడ్డి మోపులో, రాళ్ళో పెడితే వేగం తగ్గుతుంది. జల్లులాగా వదిలితే నీళ్ళలో గాలి కూడా కలుస్తుంది.

ఆరోది, పాత చమురు పైపుల నీళ్ళను ఊరి కాలువలో వదలనే కూడదు. ట్యాంకరులో ఎక్కించి శుద్ధి చేసే కేంద్రానికి పంపాలి.

మనం ఏం అడగాలి?

ఊళ్ళోకి పైపు పనివాళ్ళు వచ్చారు. పరీక్ష చేస్తామన్నారు. అప్పుడే అడగాలి. నీళ్ళు వదిలాక అడిగితే లాభం తక్కువ. ఈ ఆరు ప్రశ్నలు అడగండి.

ఇది కొత్త పైపా, పాత పైపా?

నీళ్ళు ఎక్కడినుంచి తోడుతున్నారు?

ఏమైనా మందు కలిపారా? దాని పేరేమిటి?

ఎన్ని లీటర్లు? ఏ రోజు, ఏ చోట వదులుతారు?

కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కాగితం ఉందా?

నీళ్ళ పరీక్ష రిపోర్టు చూపిస్తారా?

అనుమతి కాగితం అంటే అది రహస్యం కాదు. చూపించకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 2005లో వచ్చింది. మండలికి అర్జీ పెట్టవచ్చు. 10 రూపాయల ఫీజు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పేదరికపు రేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఫీజు లేదు. అర్జీ రాయటం మనం ఈ కేంద్రంలోనే నేర్చుకున్నాం కదా!

ఒక చిక్కు చెబుతాను. ఎండాకాలం. చేను బీటలు తీసి ఉంది. కాంట్రాక్టరు వచ్చి "మీ చేలోకి నీళ్ళు వదులుతాం, ఊరికే వస్తాయి" అంటాడు. రైతుకు ఆశ ఉంటుంది. తప్పు లేదు. కొత్త పైపు నీళ్ళు, మందు లేనివి, పరీక్షలో బాగున్నవి అయితే తీసుకోవచ్చు. కానీ ఆ చేను కింద ఇంకొకరి చేపల చెరువు ఉండవచ్చు. పక్కన బావి ఉండవచ్చు. ఒకరికి లాభమైన నీళ్ళు ఇంకొకరికి నష్టం కావచ్చు. కాబట్టి ఒక్క ఇంటివాళ్ళు ఒప్పుకుంటే చాలదు. పంచాయితీలో పదిమందీ కూర్చుని మాట్లాడుకోవాలి. మన మహిళా సంఘాలు కూడా ఆ మాటల్లో ఉండాలి. నీళ్ళు మోసేది మనమే, గేదెలను కడిగేది మనమే.

నష్టం జరిగితే ఏం చేయాలి?

కాలువలో చేపలు తేలాయి. నీళ్ళ మీద నూనె తెట్టు కట్టింది. వాసన వస్తోంది. అప్పుడు ఇలా చేయండి.

ముందు ఆ నీళ్ళు ఎవరూ ముట్టకూడదు. పశువులను తాగనివ్వకండి. చచ్చిన చేపలను వండుకోకండి, అమ్మకండి. పెట్రోలు వాసన వస్తే అగ్గిపుల్ల గీయకండి. పొయ్యి వెలిగించకండి. దూరంగా వెళ్ళి కబురు చేయండి. పైపు పోయే దారిలో గుర్తు స్తంభాలు పాతి ఉంటాయి. వాటి మీద కంపెనీ పేరు, ఫోను నంబరు రాసి ఉంటాయి. ఇప్పుడే ఒకసారి వెళ్ళి చదివి రాసి పెట్టుకోండి. ఆపద వచ్చినప్పుడు వెతుక్కోవద్దు.

తర్వాత సర్పంచికీ, పంచాయితీ కార్యదర్శికీ, తహసీల్దారుకూ, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికీ చెప్పండి. నోటితో చెప్పి ఊరుకోకండి. కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. తేదీ, టైము, చోటు రాయండి. సెల్ ఫోనులో ఫోటోలు తీయండి.

ఇంకొక ముఖ్యమైన సంగతి. మనం సీసాలో పట్టిన నీళ్ళు మనకు తెలుసుకోవటానికి పనికొస్తాయి. కానీ కోర్టులో సాక్ష్యంగా నిలబడాలంటే మండలి అధికారి వచ్చి, నీళ్ళు వదిలినవాళ్ళకు నోటీసు ఇచ్చి, పద్ధతి ప్రకారం సీలు వేసి తీయాలి. నీళ్ళు పారిపోతే సాక్ష్యం కూడా పారిపోతుంది. అందుకని మొదటి రోజే కబురు పెట్టాలి. రేపు చూద్దాం అనుకోకూడదు.

పొలానికి నష్టం జరిగిందా? పైపు కోసం 1962 నాటి చట్టం కింద మన నేలను వాడుకునే హక్కే తీసుకుంటారు. నేల మనదే. పని వల్ల పంటకూ, నేలకూ జరిగిన నష్టానికి పరిహారం అడిగే హక్కు మనకు ఉంది. దానికి ఒక అధికారి ఉంటారు. ఆయన చెప్పింది నచ్చకపోతే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్ళవచ్చు.

మంచినీళ్ళ పైపు సంగతి

గ్యాసు పైపు లేని ఊళ్ళవాళ్ళు "మాకిది అక్కర్లేదు" అనుకోవద్దు. ఇంటింటికీ కుళాయి వేస్తున్నారు. ఆ కొత్త పైపులకూ, కొత్త ట్యాంకులకూ నీటి పరీక్ష ఉంటుంది. తర్వాత క్రిములు చావటానికి బ్లీచింగు ఎక్కువగా కలిపి నింపి ఉంచుతారు. ఆ మొదటి నీళ్ళు తాగకూడదు. బయటికి వదలాలి. చేపల చెరువులోకి వదలకూడదు. క్లోరిను కొంచెం ఉన్నా చేపలకు హాని. కాలువలోకి వదిలేముందు దాని ఘాటు తగ్గించాలి. వాటరు ట్యాంకు పనివాళ్ళకు ఈ మాట మనమే చెప్పవచ్చు.

చివరగా ఒక మాట. మనకు గ్యాసు కావాలి. వంటింట్లో పొగ పోయింది అంటే దానివల్లే. పైపు గట్టిగా ఉండాలి, పరీక్ష జరగాలి. దానితోపాటు కాలువ కూడా బాగుండాలి. రెండూ కుదురుతాయి. కాస్త ఖర్చు, కాస్త ఓపిక ఉంటే చాలు. ఆ ఖర్చు తప్పించుకోవాలని ఎవరైనా రాత్రిపూట నీళ్ళు వదిలేస్తే, ఆ ఖర్చు మన చేపల మీద, మన బావుల మీద పడుతుంది. అలా పడకుండా చూసుకోవటం మన చేతుల్లో ఉంది.

వచ్చే వారం మనం ఒక పని చేద్దాం. నలుగురు నలుగురుగా ఊరి చుట్టూ తిరిగి పైపు గుర్తు స్తంభాలు ఎక్కడున్నాయో చూద్దాం. వాటి మీద రాసింది మీరే చదవాలి. నేను చదివి పెట్టను. ఊరి పటం గీసి కాలువలు, చెరువులు, బావులు, స్తంభాలు అందులో గుర్తు పెడదాం. ఆ పటం పంచాయితీ గోడకు అంటిద్దాం.